శవానికి దగ్గొచ్చింది

జూన్ 14

వేషం దొరికింది. రాజుగారి వెనక నిలబడే భటుడు కాదు, ఉత్తరం ఇచ్చేసి వెళ్ళిపోయే పోస్టుమాను కాదు. ఈసారి ఇంటి యజమానిని. నాటకమంతా నా చుట్టూనే తిరుగుతుంది. మొదటి అంకం చివర గుండె పట్టుకుని కూలిపోతాను. రెండో అంకమంతా నడిగదిలో మంచం మీద శవమై పడుకుంటాను. బంధువులు చుట్టూ చేరి, పోయినాయనకు ఎవరంటే ఎక్కువ ప్రాణమో తేల్చుకోలేక జుట్లు పట్టుకుంటారు. తెర పడేదాకా నేను స్టేజీ మీదే ఉంటాను. ఆ మాటకొస్తే హీరో కూడా అంతసేపు ఉండడు.

మా ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయని ఆవిడ వాళ్ళింటికి వెళ్ళి ఉంది.

"శవం వేషమా? ఆదివారాలు ఇంట్లో వేసేదేగా," అంది.

కళ అంటే ఏమిటో ఫోన్లో చెప్పడం కష్టం.

జూన్ 17

కాస్త పడిశం. మా రిహార్సల్ గది టైర్ల దుకాణం మేడ మీద ఉంది. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే మా దర్శకుడి సిగరెట్టు వాసన. పడిశం రాక ఏం చేస్తుంది?

జూన్ 18

పడిశం తగ్గింది. అసలది పడిశమే కాదు.

జూన్ 21

దగ్గు లేదు.

జూన్ 22

దీన్ని దగ్గు అనకూడదు. గొంతు సవరించుకోవడం అంటారు. నటుడన్నవాడు తరచూ గొంతు సవరించుకుంటాడు. ఈ మాటే మా బావమరిదితో అంటే, "శవానికి గొంతెందుకు బావా?" అన్నాడు.

వీడు మా ఆవిడ తమ్ముడు. అక్క ఇంట్లో లేనన్నాళ్ళూ బావకు తోడుంటానని పెట్టె పట్టుకుని దిగాడు. ఇదివరకు ఓ గోదాములో పగటి కాపలా చేసేవాడు. కుర్చీలో కూర్చుని నిద్రపోకుండా ఉండడమే అక్కడ పని. ఆ ఒక్కటీ చేతకాక ఉద్యోగం పోయింది. ఇప్పుడు మా సోఫాకు కాపలా కాస్తున్నాడు.

జూన్ 26

ఇవాళ రిహార్సల్లో చిన్న అంతరాయం.

రెండో అంకం. నేను పోయి అప్పటికి చాలాసేపయింది. నా భార్య వేషం వేసే ఆవిడ నా గుండెల మీద పడి ఏడవాలి. పగలు ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. ఏడుపు మాత్రం అద్భుతంగా ఏడుస్తుంది. దిద్దాల్సిన పరీక్ష పేపర్లు తలుచుకుంటుందట. "నన్నొదిలి ఎలా వెళ్ళారండీ!" అంటూ పడింది. సరిగ్గా అప్పుడే గొంతులో గిలి మొదలైంది.

ఆపాను. నేను ఆపలేదని ఎవరూ అనలేరు. చెవులు దిబ్బళ్ళు వేశాయి. కాలి బొటనవేళ్ళు బిగుసుకున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. టీచరమ్మ నా చెవిలో, "మాస్టారూ, ఇక్కడ ఏడవాల్సింది నేను," అంది.

అంతే, తన్నుకొచ్చింది. ఒకదాని మీద ఒకటి, మధ్యలో ఊపిరికి కూడా సందివ్వకుండా. కప్పిన దుప్పటి ఎగిరి టీచరమ్మ తల మీద పడింది. మంచం జరిగింది. అంతా అయ్యాక గాలి లోపలికి పీల్చుకుంటే గొంతులోంచి "హూఁఁప్" మని ఓ కూత. నా నోటి వెంట అలాంటి చప్పుడు ఎప్పుడూ వినలేదు. కింద టైర్ల దుకాణం యజమాని పరుగెత్తుకుంటూ పైకొచ్చి, "గాలి పైపు ఏమైనా పగిలిందా?" అని అడిగాడు.

దర్శకుడు కుర్చీలోంచి లేవకుండానే, "గురువుగారూ, శవం ఏమంటోంది?" అన్నాడు.

"బంధువుల పోట్లాటకి ఆత్మ ఘోషించిందండీ. ఇప్పుడే తట్టింది. ఉంచుకుంటే బావుంటుందేమో."

"ఆత్మకి డైలాగు రాయలేదండీ."

మంచి మాట చెబితే వినే దర్శకులు ఇప్పుడెక్కడున్నారు!

జూన్ 28

పగలు నా బతుకు కళ్ళజోళ్ళ దుకాణంలో. గోడకు తగిలించిన అక్షరాల పలక చదివించి అద్దాలు మార్చి చూపిస్తాను. ఇవాళ ఓ పెద్దాయన వచ్చాడు. మూడో వరుస చదవమన్నాను. ఆయన నోరు తెరిచేలోగా నాకు మొదలైంది. గల్లాపెట్టె పట్టుకుని వంగి, ముఖం కందగడ్డయి, చివర్న ఆ కూత. ఆయన పలకకేసి, నాకేసి మార్చి మార్చి చూశాడు.

"ఆ అక్షరం నాకు కనబడ్డం లేదు బాబూ," అన్నాడు.

వేడినీళ్ళు తాగుతున్నాను. ఇది వేడినీళ్ళకు లొంగే రకం. తిన్నది మాత్రం ఓసారి కక్కేశాను. అది తిన్నదాని తప్పు.

జూన్ 30

మా ఆవిడ ఫోన్. మాట్లాడుతుండగా వచ్చేసింది. ఫోన్ దిండు కింద పెట్టాను గాని దిండు పల్చన.

"ఏంటండీ ఆ కూత?"

"పక్కింటి కుక్క."

"పక్కింట్లో కుక్క లేదుగా!"

"కొత్తగా తెచ్చారు."

"దానికి ఒంట్లో బాలేనట్టుంది. డాక్టరుకి చూపించమనండి."

అమ్మాయి పురిటి ముందు ఆవిడను కంగారు పెట్టడం ఇష్టం లేకే అలా అన్నాను. నాకు భయమేం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడానికి కారణం రిహార్సల్స్, అంతే.

జూలై 1

ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. మొదటి మాటే "కుక్కకెలా ఉంది?" అని.

బాగానే ఉందన్నాను.

జూలై 3

తాతనయ్యాను. ఆడపిల్ల.

పొద్దున ఆవిడ ఫోన్ చేసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఎందుకేడుస్తున్నామో తెలియకుండానే మా బావమరిదీ సోఫాలోంచి ఏడ్చాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోట్లో లవంగం పెట్టుకుని ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. పైకి ఒక్కరినే పంపుతామన్నారు. తాతను కాబట్టి నేనే వెళ్ళాను. వాడికి కింద మంచి కుర్చీ దొరికింది.

పురిటి గదుల వరుస ముందు ఓ నర్సు బల్ల వేసుకుని కూర్చుంది.

"దగ్గు, జలుబు, జ్వరం ఏమైనా ఉన్నాయా?"

"లేవమ్మా," అన్నాను.

ఇన్నేళ్ళలో అంత సహజంగా నేను ఏ డైలాగూ చెప్పలేదు. లోపలికి పొమ్మంది. అమ్మాయి గది చివరిది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఆవిడ గొంతు, అల్లుడి నవ్వు, వాటి మధ్య పిల్లిపిల్ల లాంటి చిన్న గొంతు. తలుపు మీద చెయ్యి వేశాను. అప్పుడు గిలి మొదలైంది.

ఒక్క క్షణం ఆపుకుని చూసేసి వద్దామనే అనుకున్నాను. ఇక్కడ అబద్ధం రాసి లాభం లేదు, అదే అనుకున్నాను. తలుపు బెత్తెడు తోశాను కూడా. సందులోంచి తెల్లటి గుడ్డలో చుట్టిన ఓ చిన్న పొట్లం కనబడింది. పొట్లం ఆవలించింది. అంత చిన్న నోరు. అందులోకి నా గాలి పోతుందే అనిపించింది.

తలుపు లాగేసి పరుగెత్తాను. నర్సు "ఏమండీ, ఏమండీ" అంటోంది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని మెట్లన్నీ దిగి, వెనక తలుపు తోసుకుని ఆవరణలో పడ్డాను. బండ్లు పెట్టే చోట గోడకు తల ఆనించి దగ్గాను. లవంగం ఎటు పోయిందో తెలియదు. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. "హూఁఁప్" మని కూత పెట్టి తలెత్తేసరికి, కారు తాళం వేస్తున్న ఒకావిడ అలాగే ఆగిపోయి నన్ను చూస్తోంది.

"ఈ కూత ఎప్పట్నుంచి?" అంది.

"ఏ కూతండీ?"

"మీరిప్పుడు కూసింది."

ఆవిడ ఆ ఆస్పత్రిలోనే ఊపిరితిత్తుల డాక్టరట. పైకెళ్ళి పాపను చూశారా అని అడిగింది. గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశానన్నాను. "బతికించారు," అంది. ఆ మాట మర్యాదకు అన్నదనుకున్నాను. కాదట.

జూలై 4

ముక్కులోంచి సన్నటి పుల్ల పెట్టి మెదడు దాకా గోకారు. ఫలితం వచ్చింది. కోరింత దగ్గు.

అవమానం. ఇది చిన్నపిల్లల జబ్బు. గుండెపోటుతో చచ్చే వేషం వేస్తున్న మనిషికి కోరింత దగ్గా? చిన్నప్పటి టీకా ఎప్పుడో పని మానేసి ఉంటుందని, పెద్దవాళ్ళకూ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను. గాలి గొట్టం లోపలి పొర మీద కంటికి కనబడనంత సన్నటి వెంట్రుకలు ఉంటాయి. అవి పగలూ రాత్రీ ఒకే వైపు ఊగుతూ దుమ్మునూ కఫాన్నీ పైకి నెట్టేస్తుంటాయి. మనకు తెలియను కూడా తెలియదు. ఈ సూక్ష్మజీవి వచ్చి సరిగ్గా ఆ వెంట్రుకలనే పట్టుకుని వేలాడుతుంది. విషం వదులుతుంది. వెంట్రుకలున్న కణాలు చచ్చి రాలిపోతాయి. పొర బోడిగా మిగులుతుంది. ఊడ్చే దిక్కు లేక కఫం అక్కడే కూర్చుంటుంది. దాన్ని కదిలించడానికి ఒంటికి మిగిలిన దారి ఒక్కటే, దగ్గడం.

నేను నా తల తడుముకున్నాను. "నెత్తి మీదవి ఎప్పుడో పోయాయి. గొంతులోవి కూడానా డాక్టరుగారూ?"

"గొంతులోవి మళ్ళీ మొలుస్తాయి. పైవాటి సంగతి నేను హామీ ఇవ్వలేను."

మందు బిళ్ళలు రాసింది. అవి సూక్ష్మజీవిని చంపుతాయి, వెంట్రుకల్ని మొలిపించవు. బిళ్ళలన్నీ మింగితే నా వల్ల ఇంకొకరికి అంటదు గాని, పొర మళ్ళీ అల్లుకునేదాకా దగ్గు మాత్రం వారాల తరబడి ఉంటుంది.

లేచి వస్తుంటే అడిగాను, నిన్న లోపలికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదని. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అంత పసివాళ్ళకి దగ్గడం కూడా చేతకాదండీ. ఊపిరి తీసుకోవడం ఆపేస్తారు. అంతే."

మీ అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు ఈ జబ్బుకి సూది వేయించుకుందా అని అడిగింది. బయటికొచ్చి మా ఆవిడకు ఫోన్ చేసి, కుక్క సంగతితో మొదలుపెట్టి అంతా చెప్పేశాను. "వేయించుకుంది. మీరు బిళ్ళ వేసుకున్నారా?" అంది. తిట్టలేదు. ఎన్నేళ్ళ కాపురమో, ఆవిడ తిట్టకపోతే నాకు జ్వరం వచ్చినట్టుంటుంది.

జూలై 5

నాతో కలిసి గాలి పీల్చినవాళ్ళంతా బిళ్ళలు మింగాలట. మా నాటక సమాజం మొత్తం రిహార్సల్ గదిలో వరసలో నిలబడి మింగింది. హీరోకు బిళ్ళ గొంతు దిగదట, నీళ్ళు మీద పోసుకున్నాడు. టీచరమ్మ మింగి, "మీ మీద పడి ఏడ్చింది నేను కాబట్టి రెండు వేసుకోవాలా?" అని అడిగింది. టైర్ల యజమాని కూడా వచ్చి చెయ్యి చాచాడు.

నేను వీధి అవతల చెట్టు కింద నిలబడి చూశాను. దర్శకుడు కిటికీలోంచి అరిచాడు, "గురువుగారూ, మీరు విశ్రాంతి తీసుకోండి. శవానికి ఎవరో ఒకరు దొరుకుతారు."

ఎవరో ఒకరు!

జూలై 6

మా బావమరిది ఆలోచించి ఓ వైద్యం కనిపెట్టాడు. "వెంట్రుకలే కదా బావా రాలింది. తలనూనె రెండు చుక్కలు గొంతులో వేసుకుంటే?"

గదిలోంచి వెళ్ళిపొమ్మన్నాను. వాడు వెళ్ళాక నూనె సీసా మూత తీసి ఓసారి వాసన చూశాను. చూశాను, అంతే.

జూలై 9

బిళ్ళలు పూర్తయ్యాయి. దగ్గు పూర్తవలేదు. పక్కటెముకలు పట్టేశాయి. నవ్వితే దగ్గు, దగ్గితే నొప్పి, నొప్పికి మూలిగితే మళ్ళీ దగ్గు. ఇంకొకరికి అంటే దశ దాటిపోయిందని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. అయినా పసిపాప కదా, ఓసారి వచ్చి చూపించుకున్నాకే దగ్గరికి వెళ్ళమంది.

అల్లుడు పాప ఫొటోలు పంపుతున్నాడు. అన్నిట్లోనూ అల్లుడి బొటనవేలే ఎక్కువ కనబడుతోంది.

జూలై 12

దర్శకుడు ఇంటికొచ్చాడు. నన్ను చూడ్డానికి వచ్చాడనుకున్నాను. సోఫా దగ్గర ఆగిపోయాడు. మా బావమరిది నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. దర్శకుడు వాడి ముఖం మీద చెయ్యి ఊపాడు. చెవి దగ్గర చిటిక వేశాడు. కాలు పట్టుకుని లాగి వదిలాడు.

"ఇతను ఎవరండీ?" అన్నాడు, గుడిలో అడిగినంత మెల్లగా.

నాకు మనసులో ఏమీ లేదు. వాడు నా తమ్ముడి లాంటివాడు. చూద్దాం.

జూలై 19

ప్రదర్శన. హాల్లో కూర్చుని దగ్గితే జనం లేచిపోతారని టిక్కెట్ల గది పక్కన బయటే నిలబడ్డాను. శవం వేషం మా బావమరిదిది. మొదటి అంకంలో వాడికి చిన్న డైలాగు, అది మరిచిపోయి "అంతేనండీ, పోతున్నా" అని కూలబడ్డాడట. అక్కడిదాకా ఫరవాలేదు.

రెండో అంకంలో టీచరమ్మ ఏడుపు బయటికి చక్కగా వినబడింది. జనం నిశ్శబ్దమైపోయారు. ఆ నిశ్శబ్దంలో గురక. మొదట సన్నగా, తర్వాత రంపం కోతలా. తాతల నాటి నడిగది సెట్టు తలుపులు అదిరాయట. హీరో డైలాగు మరిచాడు. టీచరమ్మ మాత్రం ఏమాత్రం తడబడకుండా, "చూశారా, పోయినా ఈ అలవాటు మాత్రం పోలేదు!" అని వాడి గుండెల మీద పడి ఇంకా గట్టిగా ఏడ్చింది. హాలు గొల్లుమంది. చప్పట్లు ఆగలేదు. తెర పడ్డాక వాడిని నలుగురు మంచంతో సహా బయటికి మోసుకొచ్చారు. అప్పటికీ లేవలేదు.

శవానికి గురకేమిటి? కాస్త తర్కం ఉండక్కర్లేదా?

నాకు చాలా నవ్వొచ్చింది. పక్కటెముకలు విరిగిపోతాయనుకున్నాను. దీన్ని ఎవరికీ చెప్పను.

జూలై 20

పేపర్లో వేశారు. "శవం పాత్రలో జీవకళ ఉట్టిపడింది" అని. వాడు చదివించుకుని విని, "అంటే బావుందనా బావా?" అని అటు తిరిగి పడుకున్నాడు.

జూలై 22

డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి అన్ని వైపులా విన్నది. "మీ వల్ల ఎవరికీ ఏమీ కాదు. దగ్గు వస్తుంది, కానీ అది ఉత్త దగ్గు. లోపలి పొర బాగుపడుతోంది. వెళ్ళి మనవరాలిని చూసుకోండి," అంది.

జూలై 23

వెళ్ళలేదు. వాన.

జూలై 24

వాన లేదు. దుకాణంలో పని.

జూలై 25

దుకాణానికి సెలవు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. వేసుకున్నాను. విప్పేశాను.

జూలై 26

డాక్టర్లు కూడా మనుషులే. ఏదో ఒక జీవి ఏ మూలో మిగిలిపోయి ఉంటే? బోడి పొర మీద పట్టుకోవడానికి ఏమీ లేదు సరే, ఇప్పుడు కొత్తవి మొలుస్తున్నాయిగా? ఫోన్ చేసి ఇదే అడిగాను. "మొలిచినవాటిని పట్టుకోవడానికి అది బతికుండాలి కదండీ," అంది డాక్టరమ్మ. నిన్న కూడా ఇదే అడిగారని గుర్తు చేసింది. మొన్న కూడానట.

తలుపు సందులోంచి చూసిన ఆ ఆవలింతే కళ్ళ ముందు ఆడుతోంది. ఊపిరి తీసుకోవడం ఆపేస్తారు, అంతే. ఆ "అంతే" చెవిలోంచి పోవడం లేదు.

జూలై 27

అమ్మాయి ఫోన్.

"నాన్నా, రేపు వస్తున్నావా లేదా?"

"ఇంకాస్త తగ్గనీ తల్లీ. మీ అమ్మ ఉందిగా అక్కడ."

"నీకు మనవరాల్ని చూడాలని లేదా?"

దగ్గు వచ్చింది. అది మొత్తం అయ్యేదాకా అమ్మాయి ఫోన్ పెట్టకుండా ఉంది. కూత తగ్గిపోయింది, ఉత్త దగ్గే.

"ఆ రోజు తలుపు దాకా వచ్చి వెళ్ళిపోయావని అమ్మ చెప్పింది," అంది. "నేను తలుపు కదలడం చూశాను నాన్నా. గాలి అనుకున్నా. అప్పుడు రాకపోవడం మంచిపని. ఇప్పుడు రాకపోవడం ఉత్త మొండితనం. పొద్దున పదింటికల్లా రాకపోతే పాపను వేసుకుని నేనే వస్తా. పచ్చి బాలింతను తిప్పావని అమ్మ చేత నువ్వే తిట్లు తింటావ్."

జూలై 28

వెళ్ళాను. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకున్నాను. గుమ్మంలోనే నిలబడి, "ఇక్కడ్నుంచి బాగానే కనబడుతోంది," అన్నాను.

"మీ కళ్ళజోడే మీరు మరిచిపోయి వచ్చారు, కనబడ్డం ఏంటి?" అంది ఆవిడ. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి కుర్చీలో కూలేసింది.

అమ్మాయి పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టేసింది. అడగను కూడా అడగలేదు. తల నా కుడి మోచేతి మీద. ఇంత వెచ్చగా ఉంటారని మరిచిపోయాను. గిలి వచ్చింది. లేవబోయాను. అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి నొక్కి, "దగ్గు నాన్నా, ఏం కాదు," అంది.

అటు తిరిగి దగ్గాను. బాగా దగ్గాను. పాప కదల్లేదు. పక్క కుర్చీలో రోజుల తరబడి నిద్ర లేక కునుకు తీస్తున్న అల్లుడు మాత్రం, "ఎవరు, ఎవరు?" అంటూ లేచి నిలబడి, నాకు నమస్కారం పెట్టి, మళ్ళీ కూర్చుని నిద్రపోయాడు.

ఆవిడ ఇప్పుడు తిడుతోంది. కుక్క దగ్గర్నుంచి మొదలుపెట్టింది, ఇంకా ఆస్పత్రి దాకా రాలేదు. వినడానికి హాయిగా ఉంది.

అక్షరాలు ఇలా వంకరపోవడానికి కారణం, ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చెయ్యి ఖాళీ లేదు.